నాలుగు నుంచి ఏడు దాకా

మిరియం ముక్కు మీది నుంచి చెమట చుక్క జారి, సరిగ్గా 'ఏసీ'లోని 'సీ' మీద పడింది.

"అయ్యో!" అంటూ మిరియం గబగబా చేత్తో తుడిచింది. తుడవకుండా ఉన్నా బాగుండేది. నీలం రంగు అలుక్కుపోయి 'సీ' కాస్తా మేఘం ముక్కలా తయారైంది.

ఆ మధ్యాహ్నం పాడైన అట్టల్లో అది మూడోది.

గేటు దగ్గర తగిలించడానికి మిరియం ఒక పెద్ద అట్ట మీద రంగులతో రాస్తోంది. 'నాలుగు నుంచి ఏడు దాకా ఏసీ ఆపుదాం!' అన్నది అందులోని మాట. మొదటి అట్ట మీద అక్షరాలు చివరికొచ్చేసరికి ఇరుక్కుపోయాయి. రెండో దాని మీద నీళ్ల గ్లాసు ఒలికింది. మూడోదానికి ఇప్పుడు ఈ గతి పట్టింది.

మిరియానికి పదేళ్లు. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. మనిషి చిన్నది, మాట ఘాటు. అందుకని ఆ బిల్డింగులో అందరూ మిరియమనే పిలుస్తారు.

బిల్డింగు మూడంతస్తులది. మొత్తం పన్నెండు ఇళ్లు. అన్నిటికీ కలిపి గేటు పక్కన స్తంభాల మీద ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అది ఫ్యాన్లూ లైట్లూ మాత్రమే ఉన్న రోజుల్లో పెట్టింది. ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు ఏసీలు కొనేశారు. పాపం, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే.

మిరియం వాళ్ల అమ్మ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ఊళ్లో ఏ వైపు ఎంత కరెంటు పోతోందో చూస్తూ ఉండటం ఆమె పని. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి ఇంకా నెల పడుతుందని తెలిసి, అమ్మ ఒక కాగితం రాసింది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఏసీలూ ఇస్త్రీ పెట్టెలూ వాషింగ్ మెషిన్లూ అలాంటి పెద్దవేవీ వెయ్యం అని.

ఆ కాగితం పట్టుకుని ఆదివారం ఇల్లిల్లూ తిరిగింది మిరియమే. పన్నెండు ఇళ్ల సంతకాలూ పెట్టించింది.

"సంతకం పెట్టాక మాట తప్పకూడదు మాస్టారూ!" అని రిటైరైన లెక్కల మాస్టారికి కూడా వేలు చూపించి మరీ చెప్పింది. మాస్టారు నవ్వి "అలాగే తల్లీ" అన్నారు.

ఇప్పుడు గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. నాలుగు కాగానే ఏసీ ఆపింది కూడా మిరియమే. పదిహేను నిమిషాల్లో గది పొయ్యి మీది గిన్నెలా అయింది. జుట్టు మెడకి అతుక్కుపోయింది. మిగిలింది ఒక్కటే అట్ట.

మిరియం ఏసీ వైపు చూసింది.

'పదకొండు ఇళ్లవాళ్లు ఆపేసి ఉంటారు. మాది ఒక్కటే. ఒక్క ఏసీ వేస్తే అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏమవుతుంది? అయినా నేను రాస్తున్నది కూడా అందరి మంచికేగా!'

లేచి కిటికీలు మూసింది. కర్టెన్లు లాగింది. రిమోట్ అందుకుంది.

మంచం మీద పడుకున్న నాయనమ్మ ఒక కన్ను తెరిచింది. "అమ్మ వద్దంది కదే?"

"ఒక్క గంటే నాయనమ్మా. నీక్కూడా చల్లగా ఉంటుంది."

"నాకేం! నేను చెప్పాల్సింది చెప్పాను" అంది నాయనమ్మ. చెప్పి, చల్లగాలి తగలగానే దుప్పటి మెడ దాకా లాక్కుని హాయిగా కన్ను మూసింది.

మిరియానికి ప్రాణం లేచొచ్చింది. ఈసారి అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. 'నాలుగు' అయింది. 'నుంచి' అయింది. 'ఏడు దాకా' అయింది. 'ఏసీ ఆ' దాకా వచ్చింది.

ఢాం!

కిటికీ అద్దాలు అదిరాయి. బయట పావురాలు ఒక్కసారిగా లేచిన చప్పుడైంది. ఏసీ ఆగిపోయింది. పైన ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి, ఊపు తగ్గి, నిలబడిపోయింది.

"ఏమైందే?" అంది నాయనమ్మ లేచి కూర్చుంటూ.

మిరియం చేతిలో రంగు కుంచె అలాగే ఉంది. గడియారంలో సరిగ్గా అయిదు.

* * *

అరగంటలో లైన్‌మన్ బాబాయి నిచ్చెన తీసుకుని వచ్చాడు. చేతులకి పెద్ద రబ్బరు గ్లవ్స్ వేసుకుని పైకెక్కి చూశాడు. కిందకి దిగుతూనే తల అడ్డంగా ఊపాడు.

"కేబులు కాలి బొగ్గయిపోయింది. లోడు బాగా ఎక్కువైంది. ఎవరింట్లో ఏసీ వేసుందండీ?"

అప్పటికే అందరూ గేటు దగ్గరకి చేరారు. చేతుల్లో పేపర్లూ అట్టముక్కలూ పట్టుకుని విసురుకుంటున్నారు.

"మేం నాలుక్కే ఆపేశాం" అన్నారు లెక్కల మాస్టారు.

"మేమూ అంతే" అన్నాడు మొదటి అంతస్తు దర్జీ మావయ్య.

"మా పిల్లాడికి ఒళ్లంతా చెమటకాయలు పేలాయి. అయినా వెయ్యలేదు" అంది మిరియం వాళ్ల పక్కింటి అక్క, చంకలో ఏడుస్తున్న పిల్లాణ్ణి ఊపుతూ.

లైన్‌మన్ బాబాయి బుర్ర గోక్కున్నాడు. "అందరూ ఆపేస్తే మరి ఈ కేబులు ఎండకి సొమ్మసిల్లి పడిపోయిందా?"

కొంతమంది నవ్వారు. బాబాయి మిరియం వైపు తిరిగాడు. "ఏమ్మా మిరియం! ఆపరేటరమ్మ కూతురివి. మీ ఇంట్లో సరే కదా?"

మిరియం రంగంటిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆపేశాం బాబాయ్" అంది. ఎప్పుడూ గణగణమనే గొంతు దారప్పోగులా సన్నగా వచ్చింది.

"కరెంటు ఎప్పుడొస్తుంది తమ్ముడూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. కింది ఇంట్లో ఉండే ఐసు పిన్ని. పుల్ల ఐసు చేసి బండి మీద అమ్ముతుంది.

"కొత్త కేబులు తెచ్చి వేసేసరికి ఎనిమిదిన్నర అవుతుందక్కా."

పిన్ని ముఖం చిన్నబోయింది. ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. మిరియం ఆమె వెనకాలే వెళ్లింది.

పిన్ని ఇంట్లో ముందుగది నిండా ఫ్రీజరే. దాని మీద రెండు బొంతలు కప్పి ఉన్నాయి. ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్టగా చుట్టి గోడకి తగిలించి ఉంది.

"ప్లగ్గు తీసేసి ఉందేంటి పిన్నీ?"

"నాలుక్కే తీసేశాగా! నువ్వే కదే సంతకం పెట్టించుకున్నావ్?" అంది పిన్ని. "మూత తియ్యకుండా బొంతలు కప్పితే ఏడు దాకా ఏమీ కాదు. రెండు మూడు రోజులనుంచి అలాగే చేస్తున్నా. కానీ ఎనిమిదిన్నరంటే తట్టుకోదమ్మా. పాత డబ్బా. మూతకున్న రబ్బరు కూడా చిరిగిపోయింది."

శనివారం పొద్దున మిరియం వాళ్ల బడిలో ఆటల పోటీలు. పిల్లలందరికీ ఐసు తెమ్మని హెడ్మాస్టరు పిన్నికి చెప్పారు. మూడు రోజులు కష్టపడి పిన్ని ఆ ఫ్రీజరు నింపింది. ఈ రోజు గురువారం.

మిరియం ఆ చుట్టిన వైరు వైపే చూస్తూ నిలబడింది. పిన్ని ఇంట్లో ఏసీ లేదు. కనీసం కూలర్ కూడా లేదు. అయినా ఉన్న ఒక్క ప్లగ్గూ తీసేసింది.

"ఏంటే అలా ఉన్నావ్? ఎండదెబ్బ తగిలిందా?" అంది పిన్ని.

మిరియం తల అడ్డంగా ఊపి బయటికి వచ్చేసింది.

* * *

ఏడయ్యేసరికి ఫ్రీజరు కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది. ఎరుపూ పసుపూ కలిసిన తియ్యటి నీళ్లు.

పిన్ని మూత తీసి ఒక ఐసు పట్టుకుంది. పుల్ల ఊడి చేతిలోకి వచ్చింది. ఒక్క క్షణం పుల్లనే చూసింది. తర్వాత గట్టిగా కేకేసింది. "పిల్లలూ! రండర్రా! నేలపాలు అయ్యే బదులు మీ పాలు కానివ్వండి!"

పిల్లలు మెట్ల మీంచి దుమికినట్టే దిగారు. చేతికి రెండేసి ఐసులు. పెద్దవాళ్లు కూడా మొహమాటపడుతూనే చేతులు చాచారు. చీకటి పడుతున్న గేటు దగ్గర అందరూ నిలబడి చప్పరిస్తుంటే కాసేపు పండగలాగే ఉంది.

మిరియం చేతిలోనూ ఒక ద్రాక్ష ఐసు ఉంది. అది కరిగి, మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. మిరియం నోట పెట్టలేదు.

అప్పుడే అమ్మ డ్యూటీ దిగి స్కూటర్ మీద వచ్చింది. హెల్మెట్ తీసి అందరినీ చూసింది. "ఎలా పోయిందండీ?"

"ఎలా ఏముందమ్మా!" అన్నారు మాస్టారు ఐసు పుల్ల ఊపుతూ. "మా వైపు నుంచి లోపం లేదు. సంతకం పెట్టినవాళ్లందరూ ఆపారు. మీ డిపార్ట్‌మెంటు పాత కేబులు వేసి ఉంచింది. తప్పు మీవాళ్లదే."

"అవును మరి" అన్నాడు దర్జీ మావయ్య. "మేం చెమటలు కక్కుతూ కూర్చుంటే మీరేమో కేబులు కూడా మార్చరు."

అమ్మ పొద్దున ఆరింటికి వెళ్లిన మనిషి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "అయి ఉండొచ్చండీ" అంది నెమ్మదిగా. "రేపు పొద్దున్నే పైకి రాసి పంపిస్తాను. సారీ అండీ."

అమ్మ సారీ చెప్పింది.

ఐసు పుల్ల మిరియం చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా!" అంది గట్టిగా. అంత గట్టిగా వస్తుందని తనూ అనుకోలేదు. "మన ఏసీ వేసే ఉంది. నేనే వేశాను. నాలుగుంబావు నుంచి అయిదు దాకా. లైన్‌మన్ బాబాయికి అబద్ధం చెప్పాను."

చప్పరింతలన్నీ ఆగిపోయాయి.

"మనది ఒక్కటే కదా అనుకున్నా" అంది మిరియం. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మన ఒక్క ఏసీ వల్లే కేబులు కాలిపోయిందమ్మా. పిన్ని ఐసంతా కరిగిపోయింది."

అమ్మ ఏదో అనబోయింది. అంతలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మాదీ... ఉందనుకో" అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ. "ఒక అరగంట. టీవీలో మ్యాచ్ వస్తోంది."

"మాస్టారూ!" అన్నాడు దర్జీ మావయ్య ఆశ్చర్యంగా. తర్వాత తనే నాలిక కరుచుకున్నాడు. "మాదీ ఉంది. పైగా ఇస్త్రీ పెట్టె కూడా. రేపు ఇవ్వాల్సిన బట్టలు."

"పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే నేనూ వేశాను" అంది పక్కింటి అక్క. "మేం ఒక్కళ్లమే కదా అని."

"మేమూ" అన్నారు ఇంకొకరు. "మేమూ" అన్నారు మరొకరు. మూడో అంతస్తు నుంచి దిగి వచ్చినాయన అయితే "మాది వాషింగ్ మెషిన్ కూడా" అని చెప్పి గబుక్కున ఐసు నోట్లో పెట్టుకున్నాడు.

కొత్త కేబులు వేస్తూ స్తంభం మీదున్న లైన్‌మన్ బాబాయి పైనుంచే వేళ్లు లెక్కపెట్టాడు. "పది ఏసీలు, ఒక ఇస్త్రీ పెట్టె, ఒక వాషింగ్ మెషిన్! పన్నెండు ఇళ్లలో మాట మీద నిలబడింది రెండే ఇళ్లు. ఒకటి ఐసక్కది. రెండోది మూడో అంతస్తులో తాళం వేసి ఊరెళ్లినవాళ్లది!"

ముందు పిన్నే పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. మాస్టారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని అమ్మతో అన్నారు.

అమ్మ మిరియాన్ని దగ్గరకి లాక్కుంది. "నా స్క్రీను మీద ఇళ్లు కనపడవే. ఒక గీత కనపడుతుంది. నాలుగు దాటాక రోజూ అది మెట్లెక్కినట్టు పైకి పోతూ ఉంటుంది. ఆఫీసుల నుంచి జనం ఇంటికొస్తారు. ఎండ తగ్గేకొద్దీ సోలార్ కరెంటు తగ్గిపోతుంది. ఇవాళ ఆ గీత చూసి ఊళ్లో ఎవరబ్బా ఇంత వాడుతున్నారు అనుకున్నా."

"అందులో మనం కూడా ఉన్నాం" అంది మిరియం.

"ఉన్నాంగా మరి."

మిరియం మోచేతి మీది ఐసు మరక గౌనుకి తుడుచుకుంది.

"అమ్మా, మూడు గంటలూ ఆపమంటే పిన్నికి తప్ప ఎవరికీ కుదరలేదు కదా. బడిలో ఉయ్యాల ఒకటే ఉంటే మేం వంతులు వేసుకుంటాం. ఏసీలకి కూడా వంతులు వేసుకోకూడదా? గంటకి నాలుగు ఇళ్లు. మూడు గంటలకి పన్నెండు ఇళ్లు అయిపోతాయి."

అమ్మ స్తంభం పైకి చూసింది. "ఏం తమ్ముడూ, కొత్త కేబులు నాలుగు ఏసీలు ఒకేసారి మోస్తుందా?"

"నాలుగేంటి మేడమ్, అయిదు కూడా మోస్తుంది. పదే దాని వల్ల కాదు."

"లెక్క సరిగ్గా సరిపోయింది" అన్నారు మాస్టారు మెచ్చుకోలుగా.

"కానీ మాస్టారూ," అంది మిరియం, "కుదరకపోతే ముందే కుదరదని చెప్పాలి. వేసేసి వెయ్యలేదనకూడదు." అని, కొంచెం ఆగి, "నేను కూడా" అని కలిపింది.

ఈసారి వేలు చూపించలేదు.

మాస్టారి టోపీలో చీటీలు వేశారు. మిరియం వాళ్లకి నాలుగు నుంచి అయిదు వచ్చింది. పక్కింటి అక్కకి ఆరు నుంచి ఏడు. తాళం వేసిన ఇంటి వంతు కూడా పిల్లాడున్న ఆ అక్కకే ఇచ్చేశారు. ఐసు పిన్ని తన చీటీ విప్పి "నాకు ఏసీ లేదు కదర్రా, ఏం చేసుకోను?" అంది.

"మీ వంతు ఫ్రీజరుకి పిన్నీ. అయిదు నుంచి ఆరు" అంది మిరియం.

అప్పుడు మళ్లీ అందరికీ ఫ్రీజరు గుర్తొచ్చింది. మూడు రోజుల పని. మిగిలింది శుక్రవారం ఒక్కరోజు.

"ఒక్క ఫ్రీజరులో అయితే అవ్వదు" అంది పిన్ని. "హెడ్మాస్టరు గారికి సగమే తెస్తానని చెప్పేస్తాను."

"ఒక్క ఫ్రీజరులో అవ్వదు" అంది మిరియం. "కానీ అందరికీ ఫ్రిజ్‌లు ఉన్నాయిగా? పైన గడ్డకట్టే అర ఉంటుంది కదా!"

"మా దాంట్లో పది గ్లాసులు పడతాయి" అంది పక్కింటి అక్క.

"మా దాంట్లో ఎప్పటివో పచ్చి బఠాణీలు ఉన్నాయి. అవి తీసేస్తే పదిహేను" అన్నారు మాస్టారు.

ఎనిమిదిన్నరకి లైట్లు వెలిగాయి. ఆ వెలుగులో మిరియం, ఇంకో నలుగురు పిల్లలు ట్రేలు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. ట్రేలో స్టీలు గ్లాసులు. గ్లాసుల్లో రంగు నీళ్లు. మధ్యలో పుల్లలు. ప్రతి గడప దగ్గరా మిరియం ఒకే మాట చెప్పింది. "పొద్దున ఆరింటికి వచ్చి తీసుకెళ్తా. మళ్లీ నింపి తెస్తా. మధ్యలో ఫ్రిజ్ తలుపు తియ్యకండి."

అన్నట్టే పొద్దున ఆరింటికి వెళ్లింది. అప్పటికి ఎవరింట్లోనూ ఏసీలు వేసి లేవు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఊరంతా నెమ్మదిగా ఉంది. గట్టిపడ్డ ఐసులన్నీ పిన్ని ఫ్రీజరులోకి చేరాయి. గ్లాసులు మళ్లీ నిండాయి.

* * *

శుక్రవారం నిన్నటికన్నా ఎండ. నాలుగు దాకా కర్టెన్లు వేసి, ఫ్యాను కింద కూర్చుని, నాలుగు కొట్టాక మిరియం ఏసీ వేసింది. నేల మీద బోర్లా పడుకుని కొత్త అట్ట మీద గళ్లు గీసింది. ఏ ఇంటికి ఎప్పుడో రాసింది. తాళం వేసిన ఇంటి గడిలో పిల్లాడి బొమ్మ గీసింది. వాడి నెత్తి మీద మూడే వెంట్రుకలు.

నాయనమ్మ మంచం మీద కునుకు తీస్తోంది.

అట్ట మీద ఇంకా ఒక వరస రంగు వెయ్యాలి. గది చల్లగా, హాయిగా ఉంది. బయట అద్దం మీద ఎండ తెల్లగా కొడుతోంది. అయిదు అవడానికి ఒక నిమిషం ఉంది.

మిరియం కుంచె పక్కన పెట్టి లేచింది. రిమోట్ అందుకుంది.

"ఇంకో పది నిమిషాలు ఉంచవే" అంది నాయనమ్మ కళ్లు తెరవకుండానే. "ఆ రంగేదో పూర్తి చేసుకో. ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు నాయనమ్మా" అంది మిరియం.

ఏసీ ఆపింది. కర్టెన్లు పక్కకి లాగి, రెండు కిటికీలూ బార్లా తెరిచింది. వేడిగాలి మొహాన కొట్టింది. కళ్లు చికిలించుకుని కిటికీ ఊచలు పట్టుకుని అలాగే నిలబడింది.

కింద పిన్ని ఇంట్లో బొంతలు తీస్తున్న చప్పుడైంది. ప్లగ్గు పెట్టిన చప్పుడు ఇంత పైకి వినపడదు. కానీ కాసేపటికి ఫ్రీజరు ఒకసారి దగ్గి, గుర్‌ర్‌మంటూ మొదలుపెట్టింది.

"వేసుకుందా?" అంది నాయనమ్మ.

"ఊఁ. వేసుకుంది" అంది మిరియం.

నాయనమ్మ లేచి కూర్చుని దిండు కింద నుంచి విసనకర్ర తీసింది. మిరియం వచ్చి మళ్లీ నేల మీద బోర్లా పడుకుంది. చెమట అట్ట మీద పడకుండా నుదుటికి చేతిరుమాలు కట్టుకుని, మిగిలిన వరసకి రంగు వెయ్యడం మొదలుపెట్టింది.